రెండు టైమ్ జోన్ల వాచీతో విదేశీ ప్రయాణం: ఏ ముల్లు కదపాలి, ఏది ముట్టుకోకూడదు

రెండు దేశాల సమయం చూపించే వాచీతో వచ్చే తికమకలు చాలావరకు రెండే చోట్ల పుడతాయి. ఇంటి సమయాన్ని పట్టి ఉంచాల్సిన ముల్లును ప్రయాణం మధ్యలో కదిపేయడం మొదటిది. పగలు నాలుగుకీ తెల్లవారుజాము నాలుగుకీ తేడా చూసుకోకపోవడం రెండోది. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే నియమం మీద నడుస్తుంది: ఒక ముల్లును బయల్దేరే ముందే సరిచేసి, తిరిగి వచ్చేదాకా వీలైనంతవరకు దాని జోలికి పోకూడదు. దాన్ని ఇక్కడ లంగరు ముల్లు అందాం. ఊరు మారినప్పుడల్లా కదలాల్సింది మిగతా ముళ్లే.

ముందు మీ వాచీ ఏ రకమో తేల్చుకోండి

రెండో సమయం చూపించే జీఎంటీ వాచీల్లో మామూలు మూడు ముళ్లతో పాటు నాలుగోది ఒకటి ఉంటుంది. అది రోజుకు ఒక్క చుట్టే తిరుగుతుంది. 24 గంటలను 360 డిగ్రీలకు పంచితే గంటకు 15 డిగ్రీలు. అంటే మామూలు గంటల ముల్లు వేగంలో సగం. పైకి అన్నీ ఒకేలా కనిపించినా లోపలి మర రెండు రకాలుగా ఉంటుంది. ప్రయాణంలో ఏం చేయాలన్నది ఆ రకాన్ని బట్టే ఉంటుంది.

పరీక్ష సులువు. వాచీ పక్కనుండే క్రౌన్, అంటే కీ ఇచ్చే గుండీ, స్క్రూలా బిగించి ఉంటే ముందు విప్పండి. తర్వాత దాన్ని మధ్య స్థానానికి లాగండి, చివరిదాకా కాదు. సెకన్ల ముల్లు ఇంకా తిరుగుతూ ఉండాలి. ఇప్పుడు మెల్లగా తిప్పి చూడండి.

మామూలు గంటల ముల్లు టక్కు టక్కుమని గంట గంటకు దూకితే అది ఫ్లయర్ రకం. నిమిషాలు, సెకన్లు, 24 గంటల ముల్లు ఏవీ చెదరవు. రోలెక్స్ జీఎంటీ మాస్టర్ 2, మియోటా 9075 మర ఉన్న వాచీలు ఈ కోవలోవి. తరచూ ప్రయాణం చేసేవారికి ఇదే సరైన వాచీ. ఈ విషయంలో రెండో మాట లేదు.

గంటల ముల్లు కదలకుండా 24 గంటల ముల్లు మాత్రమే దూకితే అది కాలర్, అంటే ఫోన్ చేసేవారి, రకం. క్రౌన్‌ను ఒకవైపు తిప్పితే ఈ ముల్లు, ఇంకోవైపు తిప్పితే తేదీ మారడం దీని గుర్తు. సీకో 4ఆర్34, ఈటీఏ 2893-2, సెలీటా ఎస్‌డబ్ల్యూ330 మరలు ఇలాంటివి. ఇంట్లో కూర్చుని దూరదేశంలో ఉన్నవారికి ఎప్పుడు ఫోన్ చేయవచ్చో చూసుకోవడానికి ఇది చక్కగా పనికొస్తుంది. ప్రయాణంలోనూ వాడవచ్చు, కాకపోతే పని కాస్త ఎక్కువ.

1955లో పాన్ యామ్ విమాన సంస్థ పైలట్ల అవసరం చూసి రోలెక్స్ తెచ్చిన మొదటి జీఎంటీ మాస్టర్ ఈ రెండింటిలో ఏదీ కాదు. అందులో 24 గంటల ముల్లు గంటల ముల్లుతో ముడిపడి ఉండేది. రెండో సమయం కావాలంటే చుట్టూ ఉన్న అంకెల వలయాన్ని, అంటే బెజెల్‌ను తిప్పుకోవాల్సిందే. గంటల ముల్లు విడిగా దూకే ఏర్పాటు ఆ వరుసలో 1980ల మొదట్లో వచ్చింది. పాత వాచీ కొన్నవారు ఇది గుర్తుంచుకోవాలి, లేకపోతే లేని సౌకర్యం కోసం క్రౌన్‌తో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

ఇవి కాక రెండో సమయానికి విడిగా చిన్న డయల్ ఉండే క్వార్ట్జ్ వాచీలు, నగరాల పేర్ల వలయం ఉండే వరల్డ్ టైమర్లు, డిజిటల్ వాచీలు ఉన్నాయి. వాటి సంగతి చివర్లో.

కాగితం మీద లెక్క

వాచీ ముట్టుకునే ముందు ఒక చిన్న చీటీ రాసుకోండి. అందులో దిగబోయే ప్రతి ఊరికీ, మధ్యలో విమానం మారే ఊళ్లకు కూడా, ఆ తేదీన యూటీసీతో, అంటే ప్రపంచమంతా లెక్కకు ఆధారంగా తీసుకునే సమయంతో, ఉన్న తేడా ఉండాలి. ‘ఆ తేదీన’ అన్నది ముఖ్యం. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపే దేశాల్లో తేడా ఏడాది పొడవునా ఒకటి కాదు. అమెరికాలో ఇది 2007 నుంచి మార్చి రెండో ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారం ముగుస్తుంది. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా. ఈ రెండూ కలవని కొద్ది వారాల్లో లండన్, న్యూయార్క్ మధ్య తేడా మామూలు 5 గంటలు కాక 4 గంటలే. ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్ వంటి చోట్ల అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా వేసవి సమయం నడుస్తుంది. అదే దేశంలో బ్రిస్బేన్ దాన్ని పాటించదు. అమెరికాలో హవాయి, అరిజోనాలో అధిక భాగం కూడా అంతే.

చైనా పటం మీద ఎంత వెడల్పుగా ఉన్నా దేశమంతటికీ అధికారికంగా ఒకటే సమయం, యూటీసీ +8. కాబట్టి పటం చూసి తేడా ఊహించవద్దు.

లంగరు ముల్లును ఇంటి సమయానికి పెట్టాలా, యూటీసీకి పెట్టాలా? ఒకటి రెండు దేశాలు తిరిగి వచ్చే ప్రయాణానికి ఇంటి సమయమే హాయి. చూడగానే ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్నారో లేదో తెలిసిపోతుంది. ఊళ్లు వరుసగా మారే ప్రయాణమైతే యూటీసీ మేలు. దానికి వేసవి మార్పులు లేవు, విమానయానమంతా దాని మీదే నడుస్తుంది, చీటీలోని అంకెను కలిపినా తీసినా ఏ ఊరి సమయమైనా వస్తుంది.

ఫ్లయర్ రకాన్ని సరిచేయడం

1. వాచీ ఆగి ఉంటే క్రౌన్ లోపలి స్థానంలోనే ఉంచి 20 నుంచి 30 చుట్లు కీ ఇవ్వండి. చేతికి కట్టుకుని ఊపితే సరిపోతుందనుకోవద్దు. కీ చాలకపోతే రాత్రికి ఆగిపోవచ్చు.

2. క్రౌన్‌ను చివరిదాకా లాగండి. సెకన్ల ముల్లు 12 మీదికి వచ్చినప్పుడు లాగితే ఫోన్ గడియారంతో సెకను కూడా కలపవచ్చు.

3. ముందు చూడాల్సింది లంగరైన 24 గంటల ముల్లునే, గంటల ముల్లును కాదు. ఇంటి సమయం సాయంత్రం 7 అయితే ఆ ముల్లు 19 దగ్గర ఉండాలి. ఈ దశలో గంటల ముల్లు, తేదీ ఎక్కడున్నా పట్టించుకోకండి.

4. నిమిషాలు కలిపేటప్పుడు కొన్ని నిమిషాలు వెనక్కి వెళ్లి, మెల్లగా ముందుకు తెచ్చి ఆపండి. పళ్ల చక్రాల మధ్య ఉండే కొద్దిపాటి వదులు దీనితో తీరుతుంది. లేకపోతే క్రౌన్ నొక్కాక నిమిషాల ముల్లు కాసేపు కదలకుండా ఉండి వెనకబడుతుంది.

5. క్రౌన్‌ను మధ్య స్థానానికి నొక్కండి. ఇప్పుడు గంటల ముల్లును ముందుకు దూకిస్తూ తేదీ ఎప్పుడు మారుతుందో చూడండి. మారిన చోటు అర్ధరాత్రి. అక్కడి నుంచి లెక్కపెట్టి సాయంత్రం 7కి రావాలంటే 19 దూకులు కావాలి. తేదీ సరిపోకపోతే ఇంకో 24 దూకులు.

6. క్రౌన్ లోపలికి నొక్కి, స్క్రూ ఉంటే బిగించండి. సెకన్ల ముల్లు తిరుగుతోందో లేదో ఒకసారి చూడండి.

ఈ రకం వాచీల్లో చాలావాటికి తేదీని విడిగా త్వరగా మార్చే వీలుండదు. పది రోజులు ఆగిపోయిన వాచీకి తేదీ కలపాలంటే 240 దూకులు. బయల్దేరే రోజు హడావుడిలో కాక ముందురోజే ఈ పని ముగించుకోవాలి.

ఊరు మారినప్పుడు

విమాన టికెట్ మీద ప్రతి సమయమూ ఆ విమానాశ్రయం ఉన్న ఊరి సమయమే. అందుకని విమానం ఎక్కేదాకా బయల్దేరే ఊరి సమయాన్ని ఉంచి, సీట్లో కూర్చున్నాక దిగబోయే ఊరికి మార్చుకోవడం మంచిది. అప్పటినుంచే నిద్ర, భోజనం కొత్త సమయం ప్రకారం ఆలోచించడానికి వీలవుతుంది. మధ్యలో విమానం మారాలంటే మార్చుకోవాల్సింది ఆ నడిమి ఊరి సమయానికి, చివరి గమ్యానికి కాదు. శీతాకాలంలో సింగపూర్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా న్యూయార్క్ వెళ్తుంటే మొదటి విమానంలో 7 దూకులు వెనక్కి, రెండో విమానంలో 6 దూకులు వెనక్కి. ఒకేసారి 13 వెనక్కి తిప్పేస్తే ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండో విమానానికి ఇంకా బోలెడు సమయం ఉందనిపించి అది కాస్తా తప్పిపోతుంది.

ఇక అసలు జాగ్రత్త ఇక్కడ. శీతాకాలంలో లండన్‌లో 10వ తేదీ రాత్రి 7 గంటలు అనుకుందాం. టోక్యో 9 గంటలు ముందు, అంటే అక్కడ 11వ తేదీ తెల్లవారుజాము 4. గంటల ముల్లును 9 దూకులు ముందుకు తిప్పితే అర్ధరాత్రి దాటి తేదీ 11 అవుతుంది. సరైన పద్ధతి ఇదే. బద్ధకించి 3 దూకులు వెనక్కి తిప్పినా ముల్లు 4 మీదే ఆగుతుంది, చూడటానికి ఏ తేడా ఉండదు. కానీ వాచీ లోపల అది 10వ తేదీ సాయంత్రం 4. ఆ తప్పు ఎనిమిది గంటలకల్లా బయటపడుతుంది: టోక్యోలో మిట్టమధ్యాహ్నం తేదీ మారుతుంది, అదీ 11కు. అందుకే దగ్గరదారి చూడకండి. వెళ్లే ఊరి సమయం ముందుంటే తేడా ఎంత ఉంటే అన్ని దూకులూ ముందుకే, వెనకబడి ఉంటే అన్నీ వెనక్కే.

చివరి దూకు తర్వాత ముల్లు సరిగ్గా కూర్చుందో చూడండి. ఈ ఏర్పాటు లోపల 12 మొనల నక్షత్ర చక్రం, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగ్ ఉంటాయి. రెండు మొనల మధ్య ఆగితే గంటల ముల్లు అంకెలకు ఎడమో కుడో ఒరిగి కనిపిస్తుంది. క్రౌన్‌ను మళ్లీ లాగి కొద్దిగా కదిపితే గాడిలో పడుతుంది.

కాలర్ రకంతో ప్రయాణం

ఒకటి రెండు రోజుల పని అయితే గంటల ముల్లును ఇంటి సమయంలోనే వదిలి, 24 గంటల ముల్లును వెళ్లిన ఊరికి పెట్టండి. వాచీ ఆగదు, నిమిషం కూడా చెదరదు. రోజంతా సన్న ముల్లు చూసి గంట చదవడం కాస్త ఇబ్బంది, తేదీ కూడా ఇంటిదే ఉంటుంది. అంతకుమించి నష్టం లేదు.

వారం పది రోజులు ఉండేటట్టయితే మొత్తం మార్చుకోవడమే నయం. క్రౌన్ చివరిదాకా లాగి ముళ్లను కొత్త ఊరి సమయానికి తిప్పండి. 24 గంటల ముల్లు కూడా వాటి వెంట కదిలిపోతుంది, కంగారు పడవద్దు. తర్వాత మధ్య స్థానంలో దాన్ని తిరిగి ఇంటి గంటకు తెచ్చుకోండి. ఈ వరుస తిరగేస్తే, అంటే ముందు 24 గంటల ముల్లు పెట్టి ఆపైన సమయం తిప్పితే, మొదటి పని వృథా.

తేదీ విషయంలో ఒక గట్టి హెచ్చరిక. వాచీలో రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీని క్రౌన్‌తో త్వరగా మార్చకూడదు. ఆ గంటల్లో తేదీని తోసే వేలు తేదీ చక్రం పళ్లలో దిగి ఉంటుంది. బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది, లేదా తేదీ కిటికీలో సగం సగం అంకెలు నిలిచిపోతాయి. ముందు ముళ్లను 6:30 దగ్గరికి తెచ్చి, తేదీ మార్చి, ఆ తర్వాత సమయం పెట్టండి. పడమరకు వెళ్తూ ముళ్లను అర్ధరాత్రి దాటించి వెనక్కి తిప్పడమూ మంచిది కాదు. చాలా మరల్లో తేదీ సరిగ్గా వెనక్కి రాదు. ముందుకే తిప్పి, సురక్షితమైన గంటలో తేదీ సరిచేయండి.

బెజెల్‌తో మూడో సమయం

24 అంకెల బెజెల్ తిరిగేదైతే మూడో ఊరి సమయం ఉచితంగా వచ్చినట్టే. లంగరు ముల్లు కన్నా ముందున్న ఊరు కావాలంటే బెజెల్‌ను అన్ని గంటలు ఎడమకు, అంటే గడియారం తిరిగే దిశకు ఎదురుగా తిప్పాలి. వెనకబడిన ఊరైతే కుడికి. లంగరు యూటీసీలో 10 చూపిస్తూ, యూటీసీ +5 సమయం కావాలనుకోండి: 5 గంటలు ఎడమకు తిప్పితే ఇంతకుముందు 10 ఉన్న చోటికి 15 వస్తుంది. చదివాక బెజెల్‌ను మళ్లీ సున్నాకు తెచ్చేయండి. తిప్పిన సంగతి మరిచిపోయి రేపు దాన్నే ఇంటి సమయంగా చదవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

అరగంట తేడాల చిక్కు

ఇండియా, శ్రీలంక +5:30. అఫ్గానిస్తాన్ +4:30, ఇరాన్ +3:30, మయన్మార్ +6:30, నేపాల్ +5:45. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ శీతాకాలంలో -3:30. నక్షత్ర చక్రం గంటకు తక్కువ దూకదు, నిమిషాల ముల్లు ఒకటే. కాబట్టి ఇల్లు +5:30లో ఉండి గంటల లెక్కలో నడిచే దేశానికి వెళ్తే లంగరును ఒక్కసారి కదపక తప్పదు. మొదట చెప్పిన నియమానికి ఉన్న మినహాయింపు ఇదొక్కటే.

ఇంట్లో 20:10, వెళ్లేది శీతాకాలపు లండన్. తేడా ఐదున్నర గంటలు. క్రౌన్ చివరిదాకా లాగి అన్ని ముళ్లనూ 30 నిమిషాలు ముందుకు తిప్పండి: 20:40. మధ్య స్థానంలో గంటల ముల్లును 6 దూకులు వెనక్కి: 14:40, లండన్ సమయం సరిపోయింది. 24 గంటల ముల్లు మాత్రం ఇంటి కన్నా అరగంట ఎక్కువ చూపిస్తుంది. అందులోంచి 30 నిమిషాలు తీసేయాలి.

తీసేయడానికి లెక్క కూడా అక్కర్లేదు. నిమిషాల ముల్లుకు సరిగ్గా ఎదురుగా ఉన్న చోటు చూడండి, ఇంటి నిమిషాలు అవే. నిమిషాల ముల్లు డయల్ ఎడమ సగంలో ఉంటే 24 గంటల ముల్లు చూపించే గంటే ఇంటి గంట. కుడి సగంలో ఉంటే ఒకటి తగ్గించాలి. లండన్‌లో 14:20 అయినప్పుడు 24 గంటల ముల్లు 20 దాటి ఉంటుంది, నిమిషాల ముల్లు 4 అంకె మీద, దానికి ఎదురు 10 అంకె. ఇంట్లో 19:50. బెజెల్ 48 క్లిక్కులది అయితే ఇంకా సుఖం: ఒక్క క్లిక్కు కుడికి తిప్పితే ఆ అరగంట దానంతటదే తగ్గుతుంది. 24 క్లిక్కుల బెజెల్‌తో ఇది కుదరదు.

మొదటినుంచీ యూటీసీని లంగరుగా పెట్టుకుని, గంటల లెక్క దేశాల్లోనే తిరిగేవారికి ఈ బెడద లేదు.

తేదీ రేఖ దాటితే

24 గంటల ముల్లు గంట చెబుతుంది, తేదీ చెప్పదు. కిటికీలోని తేదీ మీరున్న ఊరిది. లాస్ ఏంజెలెస్‌లో శీతాకాలంలో శుక్రవారం రాత్రి 10:30 అయితే సిడ్నీలో శనివారం సాయంత్రం 5:30. తేడా 19 గంటలు. 19 దూకులూ ముందుకు తిప్పితే తేదీ దానంతటదే ఒకటి పెరుగుతుంది. 5 వెనక్కి తిప్పితే ముల్లు అక్కడే ఆగుతుంది, తేదీ మాత్రం ఒకరోజు వెనకబడుతుంది. ఇంకా విచిత్రం సమోవా (+13), అమెరికన్ సమోవా (-11): రెండు చోట్లా గడియారాలు ఒకే గంట చూపిస్తాయి, తేడా మాత్రం నిండా ఒక రోజు. అక్కడ గంటల ముల్లును 24 దూకులు తిప్పాలి.

మిగతా రకాలు, వాటి లోపాలు

విడి చిన్న డయల్ ఉన్న క్వార్ట్జ్ వాచీల్లో ఆ డయల్‌కు సొంత నిమిషాల ముల్లు, సొంత సర్దుబాటు ఉంటే అరగంట జోన్లకు అదే అన్నిటికన్నా చవకైన, తేలికైన మార్గం. కొనేముందు ఆ రెండో నిమిషాల ముల్లు విడిగా తిరుగుతుందో లేదో చూడండి. చిన్న డయల్ 12 గంటలది అయితే పగలూ రాత్రీ తెలియదు.

వరల్డ్ టైమర్ నగరాల వలయం వేసవి మార్పును పట్టించుకోదు. మార్చి నుంచి అక్టోబరు దాకా లండన్ పేరు ఎదురుగా ఉన్న గంట ఒకటి తక్కువ చూపిస్తుంది.

రేడియో సంకేతంతో సమయం దిద్దుకునే వాచీలు జర్మనీలోని డీసీఎఫ్77, బ్రిటన్ ఎంఎస్ఎఫ్, అమెరికా డబ్ల్యూడబ్ల్యూవీబీ, జపాన్ జేజేవై వంటి కేంద్రాల మీద ఆధారపడతాయి. మీరు ఏ ఊళ్లో ఉన్నారో ఆ సంకేతం చెప్పదు. నగరాన్ని మీరే ఎంచుకోవాలి. సంకేతం అందని దేశంలో అది మామూలు క్వార్ట్జ్ వాచీలా నడుస్తుంది, అంతే. జీపీఎస్ వాచీలు తామే చోటు కనుక్కుంటాయి, కానీ అందుకు ఆరుబయట ఆకాశం కనిపించాలి, జోన్ వెతికే బటన్ నొక్కాలి. విమానంలో దాన్ని ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, దిగి బయటికి వచ్చాక తీయండి.

ప్రయాణంలో వాచీ ఉన్నట్టుండి రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పరిగెత్తితే అయస్కాంతం పట్టిందని అనుమానించాలి. టాబ్లెట్ కవర్లు, ఫోన్ కేసులు, స్పీకర్లలోని అయస్కాంతాలకు ఆనించి పెట్టడం వల్ల వాచీ వేగాన్ని అదుపులో ఉంచే సన్నని హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాచీ రిపేరు చేసేవారి దగ్గర అయస్కాంతం తీసే పరికరం ఉంటుంది, నిమిషాల్లో పని అయిపోతుంది. ఈతకు దిగేముందు క్రౌన్ బిగించి ఉందో లేదో చూసుకోండి. సమయం మార్చి బిగించడం మరిచిన క్రౌన్ నుంచే నీళ్లు లోపలికి పోతాయి.

తిరుగు ప్రయాణంలో ఫ్లయర్ వాచీకి పని చాలా తక్కువ: గంటల ముల్లును 24 గంటల ముల్లుతో కలిసేదాకా తిప్పి, తేదీ చూసుకోవాలి. అరగంట జరిపి ఉంటే ముందు ఆ 30 నిమిషాలు తీసేయండి. వాచీని ఆపి అరగంట ఆగడం, లేదా అర్ధరాత్రికి దూరంగా ఉన్న వేళ వెనక్కి తిప్పి, చివరి కదలిక ముందుకు ఉండేలా ఆపడం రెండూ సరే. ప్రయాణం మధ్యలో 30 రోజుల నెల ముగిసి ఉంటే కిటికీలో 31 కనిపిస్తుంది, ఇంకో 24 దూకులతో అది 1 అవుతుంది. మీరు లేనప్పుడు ఇంటి దగ్గర వేసవి సమయం మారి ఉంటే లంగరు కూడా గంట తప్పు చూపిస్తూ ఉంటుంది. అప్పుడు క్రౌన్‌ను చివరిదాకా లాగి, ఫోన్ గడియారం పక్కన పెట్టుకుని మొదటినుంచి సరిచేయండి.